ముదురు నారు

నారు గదుల్లో కొత్తగా పనికి చేరిన అమ్మాయిలు కొందరు నాకు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే. మేడమ్, మొలకలు పడిపోతున్నాయి, ఏ మందు కొట్టాలి? మందు సంగతి డబ్బా మీద రాసి ఉంటుంది, చదువుకోండి అంటాను. నేను చెప్పదలుచుకున్నది డబ్బా మీద ఉండదు, ఫోన్‌లో చెప్తే తెగదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అది మా ఓనర్‌కు కూడా తెలియదు.

అంబత్తూరు ఎస్టేటులో లేతు వర్క్‌షాపుల మధ్య ఒక రేకుల షెడ్డు, అందులో కిటికీల్లేని గదులు, వాటిలో ఒకటి నాది. ఇనప చట్రాలకు ఐదేసి అరలు, ప్రతి అర పైనా ట్యూబులైట్లు, వాటి కింద గుంటల ప్లాస్టిక్ ట్రేలు, గుంటల్లో నానబెట్టిన కొబ్బరి పొట్టు. టమాటా, మిరప, వంగ, కాలీఫ్లవరు. రైతులూ, మేడల మీద తోటలు వేసుకునేవాళ్ళూ ఆర్డరు ఇస్తారు. గింజ నాటి, మొలిపించి, నాలుగైదు ఆకులు వచ్చాక బయట నీడ పందిట్లో వారం రోజులు గాలికీ ఎండకీ అలవాటు చేసి పంపించేయాలి. ఇరవై ఏడేళ్ళు ఆ గది నా చేతిలో ఉంది. బాట్నీ చదివానని పనిచ్చారు. చదివిందంతా మొదటి వారంలోనే అయిపోయింది.

ఇది ఒంటి మనిషి పని. ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను అనకండి. చెప్పుల మట్టితో తెగులు వస్తుందని గదిలోకి ఎవరినీ రానివ్వరు. పొద్దున ఎనిమిదిన్నరకు లోపలికి వెళ్తే ఫ్యాను చప్పుడు, ట్రేల కింద నీళ్ళు కారే చప్పుడు, అంతే. మధ్యాహ్నం అన్నం డబ్బా ఆ గడప మీదే విప్పేదాన్ని. కొన్ని సాయంత్రాలు బస్సులో కండక్టరుకు స్టాపు పేరు చెప్పినప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. పొద్దుటి నుంచి అదే నేను ఆడిన మొదటి మాట. ఇంటర్వ్యూలో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

కన్నియప్పన్ అరచెయ్యి

నాకు పని నేర్పింది కన్నియప్పన్ అనే పెద్దాయన. అంతకుముందు గది ఆయనదే. సంతకం పెట్టడం తప్ప ఆయనకు చదువు లేదు. నేను చేరిన మొదటి నెలలో టమాటా మొలకలు జానెడు పొడుగు లేచాయి. అంత ఏపుగా లేచాయని మురిసిపోయి ఆయన్ని పిలిచి చూపించాను.  ట్రే పక్కన నిలబడి నోటితో ఉఫ్ అని ఊదాడు. మొలకలన్నీ ఒక పక్కకు వాలిపోయాయి, మళ్ళీ లేవలేదు. వెలుగు దూరమైతే మొక్క దాన్ని వెతుక్కుంటూ సాగుతుందనీ, సాగడం పెరగడం కాదనీ ఆరోజు తెలిసింది. ట్యూబులైటును గొలుసుతో కిందికి దించి, మొలక నెత్తికి బెత్తెడు దూరంలో కట్టడం ఆయనే నేర్పాడు.

ఆయన దగ్గర ఇంకో రెండు నేర్చుకున్నాను. ఒకటి, నీళ్ళు కావాలో వద్దో ఆకును చూసి తేల్చుకోకూడదు. ట్రేను చేత్తో ఎత్తి చూడాలి. ఎండిన ట్రే తేలిగ్గా ఉంటుంది, తడి ట్రే బరువు. ఆకు వాడిపోవడం నీళ్ళు తక్కువైనా జరుగుతుంది, ఎక్కువైనా జరుగుతుంది. చేతికి తెలిసే బరువు మాత్రం అబద్ధం చెప్పదు. రెండోది, రోజూ పొద్దున అరచేత్తో మొలకల తలల మీద ఇటునుంచి అటు మెల్లగా నిమరాలి. గదిలో గాలి ఉండదు కాబట్టి కాండం గట్టిపడదు. ఆ ఊపుకే కాస్త బలం పుంజుకుంటుంది. ఆయన ఆ పని చేసేటప్పుడు పసిపిల్లల్ని నిద్ర లేపుతున్నట్టు ఉండేది. ఇప్పుడు దానికి చిన్న ఫ్యాన్లు వచ్చాయి. నేను మాత్రం చివరి రోజు దాకా చేత్తోనే నిమిరాను. అలవాటు అని చెప్పేదాన్ని. నిజానికి రోజు మొత్తంలో నేను ముట్టుకునే ప్రాణమున్నవి అవే.

ఆదివారం తాళం చెవి

నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు ఇప్పుడు మిగల్లేదు కాబట్టి చెప్పే పనీ లేదు. అన్నయ్య ఇంట్లో ఉండేదాన్ని. ఇంటి నిండా మనుషులు, ఎవరూ చెడ్డవాళ్ళు కారు. మా ముత్తాతల నుంచీ ఈ ఊరే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం అన్నట్టు నడిచింది. అన్నయ్య పిల్లల కాలానికి వీధి ఇంట్లోకి వచ్చేసింది. వాళ్ళు తమిళంలో నవ్వుకునేవాళ్ళు, తమిళంలో పోట్లాడుకునేవాళ్ళు. నాకు తమిళం రాక కాదు, బాగా వచ్చు. కానీ మా నాయనమ్మ మాట్లాడిన మాటలు మాట్లాడడానికి ఆ ఇంట్లో నాకు మనిషి లేకుండా పోయింది. వదిన అన్నం పెట్టేది, అన్నయ్య టీవీ చూసేవాడు. నేను గదిలోకి వచ్చినా గదిలోంచి పోయినా ఒకటే.

అందుకని ఆదివారాలు కూడా నారు గదికి వెళ్ళడం మొదలుపెట్టాను. వెళ్ళాక ఊరికే కూర్చోలేం కదా. చేతిలో నీళ్ళ డబ్బా ఉంటుంది. ఒక తడి ఇచ్చేదాన్ని. ట్రే బరువు చూడాలని తెలుసు, చూసేదాన్ని, బరువుగానే ఉండేది. అయినా పోసేదాన్ని. ఒక వర్షాకాలం మిరప నారు నలభై ట్రేలు మొదళ్ళు నల్లబడి, సన్నబడి, దారం తెగినట్టు వాలిపోయాయి. దాన్ని నారుకుళ్ళు అంటారు. గింజ చెడ్డదని నేనూ, నీళ్ళలో ఏదో ఉందని పక్కవాళ్ళూ అన్నాం. ఓనర్ సార్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. గది రిజిస్టరు తెప్పించి చూశారు. ప్రతి సోమవారమూ కొత్తగా వాలినవి ఎక్కువ ఉన్నాయని వేలు పెట్టి చూపించారు. ఆదివారం వాచ్‌మన్ తెరవడం లేదు, నేను తెరుస్తున్నాను. నా దగ్గరి తాళం చెవి అడిగి తీసుకున్నారు. కోప్పడలేదు. పని లేని చెయ్యి నీళ్ళు పోస్తుంది అని తమిళంలో అన్నారు, అంతే.

అప్పుడు నాకు అవమానంగా ఉండింది. ఇప్పుడు ఆలోచిస్తే నాకు దొరికిన ఒకే ఒక మంచి ఓనరు ఆయన అనిపిస్తుంది. మొక్కలు చచ్చేది నిర్లక్ష్యం వల్ల అని పుస్తకాల్లో రాస్తారు. నేను చూసినంతలో మా గదుల్లో చచ్చినవాటిలో సగం ఎవరో మరీ దగ్గర కూర్చోవడం వల్ల చచ్చాయి. టి. నగర్ నుంచి కారులో వచ్చే ఆడవాళ్ళు, పడిపోయిన మొలకల ఫోటోలు చూపిస్తూ, మేడమ్, గంటకోసారి చూసుకుంటున్నాను, అయినా ఎందుకిలా అయింది అని అడిగేవాళ్ళు. ఇంట్లో ఇంకెవరున్నారమ్మా అని నోటి దాకా వచ్చేది. అడిగేదాన్ని కాదు.

మునెమ్మ మూట

రిటైరవడానికి ఏడాది ముందు, పెద్ద వానలు వెలిసిన తరవాత, మార్చి మొదట్లో, మాసి నెలలో, ఒకావిడ షెడ్డు గేటు దగ్గర నిలబడి ఉంది. అరవై ఏళ్ళుంటాయి. తిరుత్తణి అవతల పల్లె నుంచి రైల్లో వచ్చింది. ఆవిడ చెల్లెలి అల్లుడు ఎస్టేటులో లారీలకు సరుకు ఎత్తే మనిషి, ఇక్కడ నారు పోస్తారని అతనే చెప్పాడట. నన్ను చూసి తమిళంలో మొదలుపెట్టబోయి, నా మొహంలో ఏం కనిపించిందో, తెలుగులోకి తిరిగింది.

"ఈడ నారు పోసేది నువ్వేనా మ్మా?"

ఆ ఒక్క 'ఈడ'కి నా కాళ్ళు ఆగిపోయాయి. అది అచ్చంగా మా నాయనమ్మ పలికే 'ఈడ'.

పేరు మునెమ్మ. కొంగు ముడిలో గుడ్డ మూట, అందులో బూడిద కలిపిన వంగ గింజలు, చిటికెడు. వాళ్ళత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్న వంకాయ అది. పచ్చగా, తెల్ల చారలతో, తొడిమ నిండా ముళ్ళతో ఉంటుందట. దాంతో కొత్సు పులుసు చేస్తే వీధి చివరికి వాసన వస్తుందట. వానకు చేను పది రోజులు నీళ్ళలో ఉండి, గింజకని చెట్టు మీదే వదిలిన పండుకాయలతో సహా కుళ్ళిపోయింది. పాత కుండలో మిగిలిన గింజల్లో సగం ఇంటి దగ్గర పోస్తే ఒక్కటీ మొలవలేదు. ఇక ఉన్నవి ఇవే.

"మా అత్త పొయ్యేటప్పుడు కమ్మలు కూతురికి ఇచ్చింది, ఈ గింజలు నాకిచ్చింది," అంది మునెమ్మ. "ఇవి కూడా పోయినాయంటే ఆమె మొగం నేను తలుచుకోలేను."

ఒక ట్రే కోసం అర ఖాళీ చేయడం ఓనర్ సార్‌కు ఇష్టం లేదు. నేనే పట్టుబట్టాను. నా ఉద్యోగంలో ఆయన్ని అడిగి తీసుకున్నది ఆ అర ఒక్కటే.

మంగళవారాలు

గింజలు యాభై నాలుగు. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, తడి గుడ్డలో చుట్టి, ట్యూబులైటు చోకు పక్కన వెచ్చగా పెట్టాను. మొలిచినవి పందొమ్మిది, అవీ ఒకేసారి కాదు. కొన్ని ఏడో రోజు, కొన్ని పధ్నాలుగో రోజు. ముసలి గింజ మొలిచినా దానికి బయటికి వచ్చే ఓపిక ఉండదు. గింజ తొక్క టోపీ లాగా ఆకులకు అంటుకుపోయి ఉంటుంది. దాన్ని లాగకూడదు. లాగితే తల తెగి చేతికి వస్తుంది. వేలు తడి చేసి ఆ తొక్క మీద చుక్క పెట్టి, ఒక గంట ఆగి, మళ్ళీ చుక్క పెట్టి, అది నానాక గోటితో పక్కకు జరపాలి. ఆరింటికి అలా టోపీలు తీశాను. ఒకటి తెల్లగా పాలిపోతే దాన్ని లైటు మధ్యకు జరిపాను. ఇంకోటి మొదట్లో ఒరిగితే కొబ్బరి పొట్టు మెడ దాకా ఎగదోసి నిలబెట్టాను. నా అన్నేళ్ళ పనితనమూ ఆ పందొమ్మిదింటి మీద చూపించాను. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ తరవాత చేసింది కూడా చెప్పాలి కాబట్టి ఇది చెప్పాను.

మునెమ్మ ప్రతి మంగళవారమూ రైల్లో వచ్చేది. గదిలోకి రానివ్వకూడదు కనుక ట్రేను నేనే గడప దగ్గరికి తెచ్చేదాన్ని. ఆవిడ వంగి చూసి, లెక్క పెట్టుకుని, పందొమ్మిదీ ఉన్నాయని తేల్చుకున్నాక గడప అవతల చతికిలబడి కూర్చునేది. గడప ఇవతల నేను. సంచిలోంచి ఏదో ఒకటి తీసేది. ఉడికించిన వేరుశనక్కాయలు, బియ్యప్పిండి రొట్టె, ఒకసారి చింతచిగురు. ఏం మాట్లాడుకున్నామంటే చెప్పలేను. ఆవిడ ఆవు ఈనడం, మా నాయనమ్మ ముక్కుపొడి, రైల్లో సీటు పట్టుకోవడం. మా నాయనమ్మ చచ్చిపోయాక నేను మరిచిపోయిన మాటలు ఆవిడ నోటి నుంచి వస్తుంటే నా నోట్లోంచి కూడా వాటంతటవే వచ్చేవి. మూడున్నర రైలుకు వెళ్ళిపోయేది.

నేను ఆవిణ్ణి అక్కా అని పిలిచేదాన్ని. సోమవారం సాయంత్రం నుంచే నాకు మనసు తేలిగ్గా ఉండేది. వయసు యాభై ఏడు, వారంలో ఒక రోజు కోసం చిన్నపిల్లలా ఎదురుచూస్తున్నాను. సిగ్గుగా ఉన్నా ఇది నిజం.

ఇంకో వారం

వంగ నారు పొలానికి వెళ్ళాల్సింది ఇరవై ఎనిమిది రోజులకు, మహా అయితే ముప్పై ఐదు. పందొమ్మిదీ ఐదో ఆకు వేశాయి. పందిట్లోకి దించాల్సిన రోజు వచ్చింది. మునెమ్మ ట్రే చూసి, ఈ వారం తీసుకుపోనా అని అడిగింది.

ఇంకో వారం ఆగుదాం అక్కా, వేరు ఇంకా పట్టలేదు అన్నాను.

అది అబద్ధం. పొద్దుననే ఒక మొలకను గుంటలోంచి పైకి లాగి చూశాను. వేరు తెల్లగా, కొబ్బరి పొట్టును చక్కగా పట్టుకుని ఉంది. కన్నియప్పన్ చూసుంటే ఆ నిమిషమే పంపించేసేవాడు. నేను దాన్ని మళ్ళీ గుంటలో పెట్టేశాను. నారు వెళ్ళిపోతే ఈవిడకు అంబత్తూరులో పనేముంది? నా ఆలోచన అంతే, అంతకన్నా లోతు ఏమీ లేదు.

రెండో వారం, మబ్బుగా ఉందన్నాను. మూడో వారం, ఎండ ఒక్కసారిగా ముదిరింది, కాస్త చూద్దాం అన్నాను. ఆవిడ ప్రతిసారీ సరి అనేది. గుంట చిన్నది, వేరుకు పోవడానికి చోటు లేదు. అడుగుకు తగిలి అక్కడక్కడే చుట్టుకోవడం మొదలుపెడుతుంది. కింది ఆకులు పసుపు తిరుగుతాయి. కాండం కట్టెలాగా గట్టిపడుతుంది. దాన్నే ముదురు నారు అంటారు, పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు. అలాంటి నారు నేలలో పెట్టినా వేరు బయటికి రాదు, గుంటలో చుట్టుకున్న చుట్టులోనే ఉండిపోతుంది.

ఏడో వారం సోమవారం మూడు మొక్కలకు మొగ్గలు కనిపించాయి. ఇంత ట్రేలో, అంత చిన్న మొక్కకు మొగ్గ. తనకు ఇక పెరగడానికి చోటు దొరకదని తేల్చుకున్న మొక్క చేసే పని అది. పువ్వు పూసి, ఉన్నదేదో కానిచ్చేసుకుంటుంది. మునెమ్మ మర్నాడు వస్తుంది. మొగ్గ చూస్తే ఎవరికైనా అర్థమైపోతుంది. ఆ మూడు మొగ్గలనూ గోటితో గిల్లి, చెత్తబుట్టలో కూడా వేయకుండా, పైట కొంగులో కట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి పారేశాను.

ఇరవై ఏడేళ్ళలో నారుకుళ్ళు తెచ్చాను, ట్రేలు ఎండబెట్టాను, పేర్లు తారుమారు చేసి టమాటా బదులు మిరప పంపాను. అవన్నీ తెలియక చేసినవి. ఇది తెలిసి చేసింది.

గడప దగ్గర

మర్నాడు మునెమ్మ వచ్చింది. మే నెల కత్తిరి ఎండలు ఇంకో వారంలో మొదలవుతాయి. ఆవిడ ఎప్పటిలా లెక్కపెట్టలేదు. ట్రే అడుగున రెండు వేళ్ళు పెట్టి ఒక మొక్కను పైకి తోసి, బయటికి లాగింది. వేరు గోధుమ రంగులో, గుంట ఆకారంలోనే గట్టి ముద్దలా వచ్చింది. దాన్ని కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసింది. తరవాత కొన దగ్గర వేలితో తడిమింది.

"మొగ్గ గిల్లుండావే," అంది.

 ఆవిడ గొంతు పెంచలేదు. గడప అవతల తను ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది.

"నారు ముదిరేది నాకు తెలీదా సరోజమ్మా? మూడు వారాల ముందే తెలుసు. నువ్వు చదువుకున్నదానివి, నీకేదో తెలిసుంటుందిలే అని గమ్మునుండా."

నాకు ఏడుపు వచ్చింది. ఎందుకు చేశానో అబద్ధం చెప్పడానికి ఇక ఏమీ మిగల్లేదు. మబ్బు చెప్పేశాను, ఎండ చెప్పేశాను, వేరు చెప్పేశాను.

"నారు ఎత్తుకుపోతే నువ్వింక రావని," అన్నాను.

 తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. చేతిలోని మొక్కను మళ్ళీ గుంటలో పెట్టి, చుట్టూ వేలితో నొక్కింది.

"రమ్మంటే చుమ్మా వచ్చేదాన్ని గదా మ్మా. దీనికి పోయి అత్త వంకాయను చంపుకుందామా?"

చుమ్మా అంటే ఊరికే అని. పని లేకుండా, కారణం లేకుండా. మా ఇళ్ళల్లో అదీ తెలుగు మాటే అయిపోయింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. యాభై ఏడేళ్ళు వచ్చినా ఒక మనిషిని ఊరికే రమ్మని అడగవచ్చని నాకు తట్టనే లేదు. ఏదో ఒక ట్రే అడ్డం పెట్టుకుంటేనే మనుషులు వస్తారనుకున్నాను.

తడి గోనెసంచిలో ట్రేను చుట్టుకుని ఆవిడ మధ్యాహ్నం ఎండలోనే వెళ్ళిపోయింది. మూడున్నర దాకా కూడా ఆగలేదు. ఆరోజు ఓనర్ సార్‌తో, ఆ వంగ ట్రే పార్టీ తీసుకెళ్ళిందని మాత్రం చెప్పాను.

తేదీ

పదిహేను రోజులకు ఆవిడ చెల్లెలి అల్లుడు గేటు దగ్గరికి వచ్చి చెప్పాడు. మునెమ్మ కత్తితో వేర్ల చుట్టును నాలుగు పక్కలా గీసి, తాటాకు నీడ కట్టి నాటిందట. మొదటి వారంలోనే పదిహేడు ఎండిపోయాయి. రెండు నిలబడ్డాయి. ఆ రెండింట్లో ఒకటి జూలై చివర, ఆడి నెలలో, చచ్చిందని తరవాత విన్నాను. మిగిలినదాన్ని ఇంట్లో అందరూ చెంబుతో నీళ్ళు మోసి బతికించారట.

ధనుర్మాసంలో, మార్గళి నెలలో, అతను మళ్ళీ వచ్చి ఒక సంచి ఇచ్చాడు. నాలుగు వంకాయలు, తెల్ల చారలతో. ఒక కాగితం పొట్లంలో గింజలు. మునెమ్మత్త రమ్మని చెప్పింది అన్నాడు. వస్తానని చెప్పమన్నాను. వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? వంకాయలు వదినకు ఇచ్చాను. కొత్సు చేసింది. బాగుందని పిల్లలు తమిళంలో అన్నారు.

ఆ తరవాత గదిలో నేను మార్చింది ఒకటే. గింజ నాటిన రోజే, ఆ ట్రే గది విడిచి వెళ్ళాల్సిన తేదీ దాని మీద రాయించాలి. నాటిన మనిషి రాయకూడదు, వేరే ఎవరో రాయాలి. ప్యాకింగ్ సెక్షన్‌లోని జయంతి చేత రాయించేదాన్ని. ఆ తేదీని జరపడానికి నాకు అధికారం లేదు. ఇది మంచి పద్ధతి అని ఓనర్ సార్ మిగతా గదుల్లో కూడా పెట్టించారు. ఎందుకు పెట్టానో ఆయన అడగలేదు.

కొత్తగా చేరే అమ్మాయిలకు నేను చెప్పేది కూడా అదే. ట్రేను ఎత్తి బరువు చూడండి. లైటు దించి కట్టండి. తేదీ ఇంకొకరి చేత రాయించండి. ఇక మాట్లాడడానికి మీకొక మనిషిని చూసుకోండి, గదికి బయట. లేకపోతే ఆ పని మొక్కల చేత చేయిస్తారు. అవి పాపం కాదనలేవు.

ఇరవై ఎనిమిదో రోజు

రిటైరయ్యాక అన్నయ్య ఇల్లు విడిచి, రెండు వీధుల అవతల మేడ మీద ఒక గది తీసుకున్నాను. ఇక్కడ ఎవరి నిశ్శబ్దమూ కాదు, నా నిశ్శబ్దమే. అది కొంచెం నయం. సాయంత్రాలు మాత్రం పొడుగ్గా ఉంటాయి. మూడేళ్ళు గడిచాయి. పోయిన నెల పెట్టె సర్దుతుంటే మునెమ్మ పంపిన పొట్లం కనిపించింది. పాత గింజలు, మొలుస్తాయన్న నమ్మకం లేదు. ఇరవై నాటితే ఐదు మొలిచాయి. కిటికీ దగ్గర పెట్టి, తెల్లారగానే అరచేత్తో నిమురుతూ పెంచాను. కింది వాటాలో ఉండే ఇంటావిడను పిలిచి ట్రే మీద తేదీ రాయించాను. ఆవిడకు వింతగా అనిపించినట్టుంది. అయినా రాసింది.

నా లెక్క ఏమిటో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఈ ఐదు మొక్కలనూ పట్టుకుని మునెమ్మ దగ్గరికి వెళ్ళాలి. అక్కా, నీ నారు, ఈసారి తేదీ దాటలేదు అని ఇవ్వాలి. నాలుగు రోజులు మాటలు కూర్చుకుని నిన్న ఫోన్ చేశాను. నెంబరు ఆ అల్లుడు ఇచ్చిందే.

ఆవిడ గొంతు కాస్త సన్నబడింది. నన్ను గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. నేను గబగబా నారు సంగతి చెప్పాను, ఐదు మొలిచాయన్నాను, ఐదో ఆకు వేశాయన్నాను.

"నారెందుకు మ్మా?" అంది. "ఆ ఒక్క చెట్టు గింజలే ఇప్పుడు మా వీధిలో అందరిళ్ళల్లో ఉండాయి. అడిగినోళ్ళకంతా ఇచ్చినా. నువ్వు చుమ్మా రా."

ఫోన్ పెట్టేసి కిటికీ దగ్గరి ట్రే ముందు కూర్చున్నాను. నా వల్ల ఒక్క చెట్టుకు వచ్చిందనుకుని ఇన్నేళ్ళుగా మోస్తున్నది ఒక వీధంతా కాస్తోంది. అది తెలుసుకోవడానికి ఒక ఫోన్ చాలింది.

ఈరోజు తేదీ. పొద్దున ఇంటావిడ గుర్తు పెట్టుకుని మరీ మేడ ఎక్కి వచ్చి, ఈరోజే కదా మీరు రాయించింది అని అడిగింది. నీళ్ళ మోటారు పక్కన ఆవిడకు కాస్త మట్టి ఉంది. ఐదూ ఆవిడకు ఇచ్చేశాను. ఎలా నాటాలో చెప్పాను. సాయంత్రం కిందికి దిగి చూద్దామనిపించింది, దిగలేదు.

రేపు మంగళవారం. పొద్దున తిరుత్తణి రైలుకు వెళ్తున్నాను. అరటిపళ్ళు కొందామా, స్వీటు పొట్లం కట్టిద్దామా అని ఇప్పటికి మూడుసార్లు అనుకుని మూడుసార్లూ వద్దనుకున్నాను. చేతిలో ఏమీ లేకుండా ఒకరి ఇంటికి వెళ్ళడం నాకు అలవాటు లేదు. రైల్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో రేపు చూసుకోవాలి.